చేతులు కట్టుకుంటేనే లైటు

తిరుగుతున్న టేబుల్ ఫ్యాను రెక్క మీద ఏం రాసి ఉందో మీరెప్పుడైనా చదివారా? నేను చదివాను. గాలి ముఖానికి కొడుతూనే ఉంది, జుట్టు ఎగురుతూనే ఉంది, రెక్కలు మాత్రం నా ఎదుట కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒక రెక్క మూల చిన్న గీత. ఇంకో రెక్క మీద ఎవరో వేలితో దుమ్ము తుడిచిన గుర్తు. ఆ రోజు నేను పెట్టిన కేకకు వర్క్‌షాపులో వాళ్లంతా నాకు షాక్ కొట్టిందనుకుని పనులాపి పరుగెత్తుకొచ్చారు.

ఎనభైల చివర్లో సంగతి ఇది. మా నాన్న ఇల్లందులో బొగ్గుబావి కార్మికుడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చేసి ఖమ్మంలో ఒక ప్రైవేటు వర్క్‌షాపులో చేరాను. రైసు మిల్లుల, నూనె మిల్లుల, కోత మిషన్ల మోటార్లు బాగుచేసే చోటు అది. మోటార్ల మధ్య ఆడపిల్లకేం పని అని మొదట్లో అందరూ వింతగా చూశారు. నాకు ముక్కు మీద కోపం. ఆ కోపం ఇంట్లో ఎన్ని తిట్లు తినిపించిందో, వర్క్‌షాపులో అంతగా పనికొచ్చింది.

యజమానిని అందరూ పెద్ద మేస్త్రి అనేవాళ్లు. హైదరాబాదులో మూతపడిన ఒక ఫ్యాక్టరీ సామాను అమ్ముతుంటే, ఆయన అక్కడికి బేరింగుల కోసం వెళ్లి, బేరింగులు వదిలేసి, ఆ ఫ్యాను రెక్కలను నా ఎదుట నిలబెట్టిన ఈ లైటు పట్టుకొచ్చారు. తెచ్చాక దాన్ని ఏం చేయాలో ఆయనకే సరిగ్గా తెలియదు. “నువ్వు సదువుకున్నవ్ గద బిడ్డా, జర సూడు” అని నా చేతిలో పెట్టారు. ఆ మాటకు ఆయనకు ఇప్పటికీ మనసులోనే దండం పెట్టుకుంటాను.

దాని అసలు పేరు స్ట్రోబోస్కోపు. మా వర్క్‌షాపులో ఆ పేరుకు ఎవరి నోరూ తిరగలేదు కనక ‘ఆపే లైటు’ అయింది. పెద్ద టార్చికి పిస్తోలు పిడి బిగించినట్టు ఉండేది. వెనక ఒక గుండ్రటి డయలు, కింద పొడుగాటి కరెంటు తీగ. మీట నొక్కితే ముందు అద్దం వెనకున్న సన్నటి గాజుగొట్టం టకటకా మెరుస్తుంది. నిమిషానికి ఎన్ని మెరుపులో డయలు మీద కనబడుతుంది. చక్రం నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో సరిగ్గా అన్నిసార్లే లైటు మెరిసేలా డయలు తిప్పామంటే, మెరిసిన ప్రతిసారీ చక్రం అదే చోట ఉంటుంది. మన కంటికి అది ఆగిపోయినట్టే. ఇక డయలును వెంట్రుకవాసి పక్కకు జరిపితే, ఆగిన చక్రం నెమ్మదిగా, బద్ధకంగా తిరగడం మొదలుపెడుతుంది. గడగడా ఊగిపోయే యంత్రం తన వణుకునంతా తీరిగ్గా విప్పి చూపిస్తుంది. పగులు ఎక్కడ నోరు తెరుస్తోందో, ఏ బోల్టు ఎగిరెగిరి పడుతోందో అంతా కనబడిపోతుంది. అబ్బ, ఆ సంతోషం ఏమని చెప్పను! దొంగను దొరకబుచ్చుకున్నంత సంబరం నాకు.

దాని ప్రమాదం కూడా అక్కడే ఉంది. లైటు వచ్చిన వారంలోనే మా ఫిట్టరు ఒకాయన, ఏళ్ల తరబడి మోటార్ల మధ్యే బతికిన మనిషి, “అరే, బెల్టు ఆగింది గదా” అంటూ చెయ్యి చాపాడు. బెల్టు ఆగలేదు. ఖాళీగా ఉన్న చేత్తో ఆయన మణికట్టు మీద ఒక్కటిచ్చాను. చెయ్యి దక్కింది. ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ఇంటి నుంచి జామకాయలు తెచ్చిచ్చాడు. అప్పటి నుంచి నా రూలు ఒకటే. లైటు వేయబోయే ముందు చుట్టూ ఉన్నవాళ్లంతా బళ్లో పిల్లల్లా చేతులు కట్టుకోవాలి. లైటు ఆర్పేదాకా విప్పకూడదు. ఫిట్స్ వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే ముందే బయటికి వెళ్లిపోవాలి, ఆ మెరుపులు వాళ్లకు పడవు. పెద్ద పెద్ద మీసాల మిల్లు యజమానులు నా ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంటే నాకు లోపల్లోపల ఎంత నవ్వొచ్చేదో!

ఆ లైటును నేను పసిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేదాన్ని. గాజుగొట్టాన్ని వేలితో ముట్టకూడదు. వేలి జిడ్డు అంటిన చోట వేడికి గాజు చెడిపోతుంది. మార్చాల్సి వస్తే శుభ్రమైన మల్లుగుడ్డతో పట్టుకోవాలి. తీగ పీకేసినా లోపల కాసేపు కరెంటు దాగి ఉంటుంది, అది దిగిపోయేదాకా మూత విప్పకూడదు. ఎక్కువసేపు వెలిగిస్తే గొట్టం వేడెక్కుతుంది, మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వాలి. వానాకాలం అద్దం లోపల బూజు పట్టేది. దానికి మా అమ్మ ఉపాయం చెప్పింది. బియ్యం వేయించి, చల్లార్చి, చిన్న మూట కట్టి పెట్టెలో పెడితే చెమ్మనంతా అదే పీల్చుకుంటుంది. డయలు నిజం చెబుతోందో లేదో చూడడానికి, వేగం ముందే తెలిసిన ఒక బుల్లి మోటారు వర్క్‌షాపులో ఉండేది. దాని చక్రం మీద ఒకే ఒక తెల్లగీత. బయటి పనికి వెళ్లే ముందు లైటును ఆ గీత మీద వేసి సరిచూసుకునేదాన్ని.

ఒక శుక్రవారం పినపాక అవతల, అడవి అంచున ఉన్న ఒక రైసు మిల్లుకు వెళ్లమన్నారు పెద్ద మేస్త్రి. ఆ మిల్లు సేటు కోస్తా వైపు నుంచి వచ్చి, భూములు కొనుక్కుని స్థిరపడిన రైతు. కొత్తగా జల్లెడ మిషను పెట్టాడు. వడ్లలోంచి రాళ్లూ చెత్తా వేరుచేసే ఇనుప జల్లెడ అది, నాలుగు మూలలా స్ప్రింగుల మీద కూర్చుని గడగడా ఊగుతుంది. పెట్టిన కొద్ది రోజులకే దాని ఫ్రేము ఒక మూల పగిలింది. వెల్డింగు చేయిస్తే మళ్లీ అక్కడే పగిలింది. అమ్మిన కంపెనీ మనిషేమో, మీ ఆపరేటరు తొందరగా పని ముగించుకుని ఇంటికి పోవడానికి బెల్టు తిరిగే చక్రం, అదే పుల్లీ, మార్చేసి ఎక్కువ స్పీడులో తోలుతున్నాడు, అందుకే పగిలింది, మాకు సంబంధం లేదు అన్నాడు. పుల్లీలు కొలిచి లెక్క కడదామంటే, మోటారు లోపలి తీగ ఒకసారి మార్చి చుట్టారు, దాని స్పీడే నేను నమ్మను అన్నాడు. సేటుకు విసుగొచ్చింది. స్పీడు కంపెనీ చెప్పిన తొమ్మిది వందల చుట్ల కన్నా ఎక్కువని తేలితే ఆపరేటరును అప్పటికప్పుడే పంపించేస్తాననీ, సరిగ్గా ఉంటే మిషను సంగతి కంపెనీయే చూసుకోవాలనీ తేల్చేశాడు. ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి నా లైటు. ఆ ఆపరేటరు పక్క గూడెం మనిషి. తన గూడెంలో నెల జీతానికి కుదిరిన మొదటివాడు ఆయనే అని పెద్ద మేస్త్రి చెప్పారు. “జర జాగ్రత్త బిడ్డా, మనిషి నౌకరి నీ చేతుల ఉంది” అన్నారు.

బస్సులో లైటు పెట్టె ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. కొత్తగూడెం దాటాక అడవి చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. ఆ రోజుల్లో ఆ దారిలో సంచులు తెరిచి చూడడం మామూలే. గార్డు నా పెట్టె తెరిచాడు, పిస్తోలు పిడి చూశాడు, రెండడుగులు వెనక్కి వేశాడు.

“ఏందమ్మా గిది?”

“లైటు సార్.”

“గిట్లాంటి లైటు నేనెక్కడ సూడలే. దిగు.”

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. దిగాను. పక్కనే చిన్న హోటలు, తాటాకు పాక. లోపల చీకటిగా ఉంది, బల్ల మీద ఫ్యాను తిరుగుతోంది. తీగ అక్కడి ప్లగ్గులో పెట్టి, ఫ్యాను మీదికి లైటు వేశాను. రెక్కలు టక్కున నిలబడ్డాయి. గార్డు నోరు తెరిచాడు.

“అమ్మో, ఫ్యాను ఖరాబ్ చేసినవా ఏంది?” అంటూ వేలు పెట్టబోయాడు.

“చేతులు కట్టుకోండ్రి!” అని అరిచాను.

గార్డు చేతులు కట్టుకున్నాడు. నా వెనకే దిగి వచ్చిన కండక్టరు కట్టుకున్నాడు. టీ పోస్తున్న ఆయన గ్లాసు కింద పెట్టి మరీ కట్టుకున్నాడు. “గాలి వస్తుంది గద సార్, ఆగితే ఎట్లొస్తది?” అని అడిగాను. గార్డు ముఖం ముందుకు పెట్టి గాలి తగిలిందో లేదో చూసుకుని, మళ్లీ రెక్కల వైపు చూసి, పకపకా నవ్వాడు. ఇంకోసారి చూపించమన్నాడు. మూడోసారి కూడా అడిగేవాడే, డ్రైవరు హారన్ కొట్టాడు. ఆ తర్వాత కండక్టరు నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

మిల్లుకు చేరేసరికి సేటు, కంపెనీ మనిషి గుమ్మం దగ్గరే ఉన్నారు. లోపల కిటికీలకు గోనె సంచులు కట్టించి చీకటి చేయించారు. ఆపరేటరు జల్లెడ పక్కనే నిలబడి ఉన్నాడు. గట్టి మనిషి, గట్టి గొంతు.

“మీరేనా మేడం స్పీడు సూసేటోళ్లు? సూడుండ్రి, మంచిగ సూడుండ్రి. నేను పుల్లీ మార్చలే. మార్చినా అంటే ఎవరూ సూపెట్టలేరు.”

అరుస్తూనే నన్ను మిషను చుట్టూ తిప్పాడు. మిషను అప్పుడు ఆగి ఉంది. జల్లెడ పుల్లీ మీద పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. ప్రతి శుక్రవారం తానే పెడతాడట. “ఊరికెనే పెట్టలే మేడం. దారంతో కొలిసి పెట్టిన. గీ బొట్టుకు గా బొట్టుకు ఎంత దూరమో, గా బొట్టుకు ఇంకో బొట్టుకు గంతే” అన్నాడు గర్వంగా. నిజంగానే అచ్చు గుద్దినట్టున్నాయి. పుల్లీ అంచున ఒకచోట ఇనుము చిన్న పెచ్చు లేచి ఉంది. “గిది లారీ నుంచి దించినప్పుడే లేచింది, కంపెనీయోళ్ల ముందటనే” అని కంపెనీ మనిషికి వినబడేలా చెప్పాడు.

నా సంచిలోంచి సుద్దముక్క తీశాను. గుర్తు కోసం చక్రం మీద ఒక గీత గీయడం నా పద్ధతి. ఆపరేటరు అడ్డం వచ్చాడు.

“ఏ, ఏ, మేడం! శుక్రారం పూట అమ్మవారి మీద సుద్దగీత గీకుతరా?”

“వద్దులేమ్మా, బొట్లున్నాయిగా, వాటినే గుర్తుగా పెట్టుకో” అన్నాడు సేటు కూడా.

నాకూ గీయబుద్ధి కాలేదు. శుక్రవారం పూట కుట్టుమిషనుకూ నాన్న సైకిలుకూ బొట్టు పెట్టే ఇంట్లో పెరిగినదాన్ని. ఆ పసుపు మీద సుద్ద గీయడానికి చెయ్యి రాలేదు. సుద్దముక్క సంచిలో వేసేశాను.

ఫిట్స్ వచ్చేవాళ్లు ఎవరూ లేరన్నారు. చేతులు కట్టుకోమన్నాను. సేటు కట్టుకున్నాడు. కంపెనీ మనిషి చిన్నగా నవ్వుతూ కట్టుకున్నాడు. ఆపరేటరు బిగించి కట్టుకున్నాడు. స్టార్టరు గదిలోని కుర్రాడు మిషను వేశాడు. నేల నా చెప్పుల కింద వణికింది. లైటు వేసి, డయలును పదిహేను వందల దగ్గర పెట్టి, అక్కడి నుంచి కిందికి దిగడం మొదలుపెట్టాను. పై నుంచి దిగుతూ వస్తే గుర్తు మొదటిసారి ఎక్కడ సరిగ్గా నిలబడుతుందో అదే అసలు స్పీడు. వర్క్‌షాపులో వందసార్లు చేసిన పని. మొదట ఎర్రటి చార కనబడింది. తర్వాత ముద్దలు ముద్దలుగా విడిపోయింది. ఇంకొంచెం దించాను. మూడు బొట్లు చక్కగా, గుండ్రంగా, దారంతో కొలిచినంత దూరంలో వచ్చి నిలబడ్డాయి. డయలు చూశాను. తొమ్మిది వందలు ఉండాల్సిన చోట పదమూడు వందల యాభై.

అదే చెప్పాను. లైటు ఆర్పాను.

“చూశారాండీ! నేను మొదట్నుంచీ అదే చెబుతున్నాను” అన్నాడు కంపెనీ మనిషి.

సేటు ఆపరేటరు వైపు చూశాడు. అంతసేపూ అరిచిన ఆ మనిషి మొలతాడుకు కట్టుకున్న తాళాల గుత్తి విప్పాడు. అవి మిల్లు గేటువీ, స్టార్టరు గదివీ. పక్కనున్న వడ్ల బస్తా మీద పెట్టాడు. అవి పెట్టేటప్పుడు కొంచెం కూడా చప్పుడు కానివ్వలేదు. ఆయన ముఖం చూడలేకపోయాను. ఎటు చూడాలో తెలియక, ఊరికే, మళ్లీ లైటు వేశాను. లైటు వెలగ్గానే ముగ్గురూ వాళ్లంతట వాళ్లే చేతులు కట్టుకున్నారు.

బొట్లు అలాగే ఉన్నాయి, మూడూ, అందంగా. వాటి పక్కన పుల్లీ అంచు చూశాను. పెచ్చు కనబడింది. కొంచెం అవతల ఇంకో పెచ్చు. ఇంకొంచెం అవతల మరొకటి.

మూడు పెచ్చులు!

పుల్లీకి ఉన్నది ఒక్క పెచ్చు. నా కళ్లతో చూశాను, ఆయనే వేలుపెట్టి చూపించాడు. ఒక్క పెచ్చు మూడుగా ఎలా కనబడుతుంది? ఒక్కసారిగా అంతా అర్థమైపోయింది. ఒకే రకం చొక్కాలు వేసుకున్న ముగ్గురు కవలలు, మనం రెప్ప వేసిన ప్రతిసారీ కుర్చీలు మారి కూర్చుంటే మనకు తెలుస్తుందా? ఈ బొట్లు చేసిందీ అదే! ఒక మెరుపుకూ ఇంకో మెరుపుకూ మధ్య చక్రం పూర్తి చుట్టు తిరగడం లేదు, మూడింట రెండు వంతులే తిరుగుతోంది. మొదటి బొట్టు ఉన్న చోటికి ఇంకో బొట్టు వచ్చి కూర్చుంటోంది. చూసేవాళ్లకు ఏమీ మారనట్టే ఉంటుంది. జంట లేని ఆ ఒక్క పెచ్చు మాత్రం మెరుపు మెరుపుకూ ఒక్కో చోట దొరికిపోయి మూడుగా కనబడుతోంది. ఆయన అంత జాగ్రత్తగా దారంతో కొలవకుండా, అడ్డదిడ్డంగా పెట్టి ఉంటే ఈ మోసం జరిగేదే కాదు.

“ఆగుండ్రి! ఎవరూ కదలొద్దు!” అని అరిచాను. ఎవరూ కదలడం లేదు నిజానికి. డయలు దించుతూ పోయాను. బొట్లు చెదిరిపోయాయి, పెచ్చులు కలగాపులగం అయ్యాయి, మళ్లీ అన్నీ కూడుకుంటూ వచ్చాయి. తొమ్మిది వందల దగ్గర మూడు బొట్లు నిలబడ్డాయి. పక్కన పెచ్చు. ఒక్కటే ఒక్కటి.

“తొమ్మిది వందలు! తొమ్మిది వందలే! స్పీడు కరెక్టుగ ఉంది!” నేను గంతులేశాననే చెప్పాలి. లైటు తీగ కాలికి చుట్టుకుంది.

“అదెలాగండీ? ఇందాక ఒకటి, ఇప్పుడొకటి. లైటు రెండు మాటలు చెబితే దేన్ని నమ్మాలి?” అన్నాడు కంపెనీ మనిషి. అడగాల్సిన మాటే. నేనైనా అడిగేదాన్ని.

మిషను ఆపించాను. సుద్దముక్క తీసి ఆపరేటరు వైపు చూశాను. ఆయనకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు, కానీ నా ముఖంలో ఏదో కనబడినట్టుంది. “గీకుండ్రి మేడం. అమ్మవారు ఏమనదు. నేను చెప్పుకుంట” అన్నాడు. బొట్లకు తగలకుండా, ఒకే ఒక గీత గీశాను. మళ్లీ మిషను, మళ్లీ లైటు, మళ్లీ చేతులు. పదమూడు వందల యాభై దగ్గర సుద్దగీతలు మూడు కనబడ్డాయి. “నేను ఎన్ని గీసిన సేటు?” అని అడిగాను. “ఒకటేనమ్మా” అన్నాడు. తొమ్మిది వందలకు దించాను. ఒక్క గీత, కదలకుండా. కంపెనీ మనిషి ముందుకు వంగి, చేతులు కట్టుకునే, చాలాసేపు చూశాడు.

“సరేనండీ. మరి ఫ్రేము ఎందుకు పగులుతోంది?”

అది కూడా లైటునే అడుగుదామన్నాను. కాసేపు గొట్టాన్ని చల్లారనిచ్చి, ఈసారి డయలును కొద్దిగా పక్కకు జరిపి జల్లెడ మీద వేశాను. గడగడలాడే ఆ ఇనుప పెట్టె మెల్లగా, నిద్రలో ఒత్తిగిలినట్టు, లేచి దిగడం మొదలుపెట్టింది. కుడి పక్క లేచింది. ఎడమ పక్క ఇంకా లేవలేదు. కుడి పక్క దిగుతోంది, అప్పుడు ఎడమ పక్క లేస్తోంది. మనం తడిగుడ్డను పిండినట్టు, మధ్యలో ఫ్రేము మెలిపడుతోంది. ప్రతి మెలికకూ ఆ వెల్డింగు మూల దగ్గర సన్నటి నల్లగీత తెరుచుకుని, మూసుకుంటోంది. సేటు “అమ్మ బాబోయ్” అన్నాడు. ఆ పగులు అన్నాళ్లుగా వాళ్లందరి ముందే నోరు తెరుస్తూ ఉంది, చూసే కన్ను లేక కనబడలేదు.

ఆ జల్లెడ ఇరుసుకు రెండు చివర్లా రెండు ఇనుప దిమ్మెలు ఉంటాయి. అవి తిరిగితేనే జల్లెడ ఊగుతుంది. రెండూ ఒకే వైపు చూస్తూ ఉండాలి. మిషను ఆపి, ఫ్యూజులు పీకించి, రెండు వైపులా మూతలు విప్పించాను. కుడి దిమ్మె కిందికి చూస్తోంది. ఎడమ దిమ్మె పక్కకు వాలి ఉంది. దాన్ని బిగించిన బోల్టు మీద, ఎవరూ విప్పలేదని చెప్పడానికి ఫ్యాక్టరీలో పూసే ఎర్ర రంగు ముద్ర, ఒక్క చీలిక కూడా లేకుండా అలాగే ఉంది. ఆ బోల్టును మిల్లులో ఎవరూ ముట్టనేలేదు. కంపెనీ మనిషి దాన్ని వేలితో తడిమి చూసుకున్నాడు. మంచివాడే. చొక్కా చేతులు మడుచుకుని, తనే స్పానర్ అడిగి తీసుకుని, దిమ్మెను సరిచేశాడు. ఫ్రేము కొత్తది పంపిస్తామన్నాడు.

సరిచేశాక మిషను మళ్లీ వేశారు. అందరూ చేతులు కట్టుకున్నారు. లైటు వేశాను. జల్లెడ రెండు పక్కలా ఒక్కసారే లేచింది, ఒక్కసారే దిగింది. ఊయలలా, హాయిగా. నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. ఆపరేటరు మెడ చాచి దాన్నే చూస్తున్నాడు.

“ఇన్ని దినాల సంది దీనితోనే ఉన్న మేడం. దీని నడక గిట్లుంటదని ఇయ్యాల్నే సూసిన” అన్నాడు. గొంతు ఈసారి గట్టిగా లేదు.

సేటు కొంచెం దగ్గాడు. “సరేలేవయ్యా, అయిందేదో అయింది. తాళాలు తీసుకో.”

ఆపరేటరు కదల్లేదు. “లైటు ఎలుగుతుంది గద సేటు. చేతులు తియ్యొద్దన్నరు మేడం.”

సేటు నా వైపు చూశాడు. నిజానికి గొట్టం బాగా వేడెక్కింది. ఆ లైటు నా చేతికి వచ్చాక దాన్ని అంతసేపు ఎప్పుడూ వెలిగించలేదు. అయినా ఇంకాసేపు అలాగే పట్టుకున్నాను. తర్వాత ఆర్పాను. జల్లెడ మళ్లీ మసకమసకగా గడగడలాడింది.

“ఆర్పేసింది కదయ్యా లైటు” అన్నాడు సేటు.

“అవ్ సేటు, ఆర్పింది” అన్నాడు ఆపరేటరు. చేతులు మాత్రం విప్పలేదు.

సేటు వడ్ల బస్తా దగ్గరికి తనే నడిచి వెళ్లి, తాళాల గుత్తి తీసుకుని, తిరిగొచ్చి ఆయన ముందు చెయ్యి చాపాడు. అప్పుడు విప్పాడు ఆపరేటరు చేతులు. తాళాలు అందుకుని మొలతాడుకు కట్టుకున్నాడు, రెండు ముళ్లు వేశాడు, లాగి చూసుకున్నాడు. తలెత్తి మా ముగ్గురినీ చూశాడు. గొంతు మళ్లీ మొదటి గొంతే.

“ఇంక అందరు జర పక్కకు జరుగుండ్రి. వడ్లు పొయ్యాలె.”

సేటు జరిగాడు, కంపెనీ మనిషి జరిగాడు. లైటు తీగ చుట్టుకుంటూ నేనూ జరిగాను.